ఎవరూ స్పెల్ వేయని రాత్రి

వాణి: శ్రోతలందరికీ నమస్కారం. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో 2013లో వచ్చిన థెరోస్ అనే కార్డుల సెట్‌లోని దేవతల గురించి ఈ భాగంలో మాట్లాడతామని పోయినసారి ప్రకటించాం. గ్రీకు పురాణాల నుంచి ప్రేరణ పొందిన ఆ లోకంలో దేవతల కార్డులు తమ ఇతివృత్తానికి ఎంతవరకు న్యాయం చేశాయన్నది ఈరోజు ప్రశ్న. కిరణ్ గారూ, మొదలుపెట్టండి.

కిరణ్: దేవతలను తూచే ముందు తూకపు రాయి ఏదో చెప్పుకోవాలి కదా. నాది అరచేయి పరీక్ష అని మన శ్రోతలకు తెలుసు. కార్డు పేరునూ బొమ్మనూ అరచేత్తో మూసి, కింది నియమాలు మాత్రమే చదివినా అదేమిటో ఆటగాడికి తట్టాలి. 2003లో స్కర్జ్ సెట్‌లో వచ్చిన ఫార్మ్ ఆఫ్ ద డ్రాగన్‌నే తీసుకోండి. మీ అప్‌కీప్‌లో, అంటే టర్న్ మొదట్లో, మీరు ఎంచుకున్న లక్ష్యానికి 5 డ్యామేజ్ చేస్తుంది, ప్రతి టర్న్ చివరా మీ లైఫ్‌ను 5 చేస్తుంది, ఎగరలేని క్రీచర్లను, అంటే పోరాడే ప్రాణుల కార్డులను, మీ మీదికి దాడికి రానివ్వదు. 1993 నుంచి ఉన్న శివన్ డ్రాగన్ కూడా ఎగిరే 5/5 క్రీచరే, అంటే కొట్టే బలం 5, ఓర్చుకునే బలం 5. క్రీచర్‌కు తగిలిన దెబ్బ టర్న్ చివర మాసిపోయినట్టే ఇక్కడ ఆటగాడి లైఫ్ మళ్లీ 5కు వస్తుంది. అంటే ఆ కార్డు డ్రాగన్‌ను బల్ల మీదికి తేవడం లేదు, ఆటగాడినే డ్రాగన్‌గా మారుస్తోంది.

వాణి: ఆ కార్డు గొప్పదనాన్ని నేనెప్పుడూ కాదనలేదు. కానీ మీ పరీక్ష పెడితే 2011 నాటి ఇన్నిస్ట్రాడ్ సెట్‌లోని తోడేలు మనుషులు తప్పిపోతారు. నా దృష్టిలో ఈ ఆట మొత్తంలో ఇతివృత్తానికి అంతగా అతికిన నియమాలు చాలా తక్కువ. అందుకే ఆ పరీక్షను నేను ఒప్పుకోలేకపోతున్నాను.

కిరణ్: తప్పిపోవడం న్యాయమే. అవి రెండు ముఖాల కార్డులు. గడిచిన టర్న్‌లో ఎవరూ స్పెల్, అంటే మంత్రంగా ఆడే కార్డు, వేయకపోతే మనిషి తోడేలవుతాడు, ఏ ఒక్కరైనా రెండు స్పెల్స్ వేస్తే తోడేలు తిరిగి మనిషవుతుంది. ఇందులో చంద్రుడెక్కడ ఉన్నాడు? ఊళ్లో వాళ్లు మాట్లాడినా మానినా పున్నమి ఆగదు కదా!

వాణి: మీరు చంద్రుణ్ణి కార్డు మీద వెతుకుతున్నారు, నేను ఎదుట కూర్చున్నవాడి చేతుల్లో వెతుకుతున్నాను. అవతలి పక్క తోడేలు మనిషి ఇంకా మనిషి రూపంలో ఉండగా నా చేతిలో ఒక్క మానాతో, అంటే కార్డులకు ఖరీదుగా చెల్లించే శక్తిలో ఒక్క పాలుతో, వేయగల చిన్న స్పెల్ ఉందనుకోండి. మామూలుగా అయితే దాన్ని వెంటనే వాడేస్తాను. ఇప్పుడు మాత్రం ఏ టర్న్ నిశ్శబ్దంగా గడిచిపోతుందోనన్న భయంతో, వచ్చే టర్న్‌కు దీపం ఆరకుండా కాపాడుకున్నట్టు దాన్ని దాచుకుంటాను. అటుపక్క ఆటగాడేమో చేతినిండా కార్డులుండి కూడా చీకటి పడాలని కావాలనే మౌనంగా కూర్చుంటాడు. భయపడే ఊరు, మాటువేసిన మృగం రెండూ ఒక్క నియమంతో బల్లకు చెరో పక్క తయారయ్యాయి. ఇది ఇతివృత్తం కాకపోతే ఇంకేది ఇతివృత్తం?

కిరణ్: భయం నిజమే. మరి రెండు చంద్రుల సంగతేమిటి? పాత కార్డులు దేనికది విడిగా మారతాయి. ఇద్దరు తోడేళ్లయి తిరుగుతున్న రాత్రి మూడో తోడేలు మనిషిని వేస్తే, మరో నిశ్శబ్దపు టర్న్ గడిచేదాకా అతను మనిషిగానే నిలబడి ఉంటాడు. ఒకే ఊరు, ఒకే రాత్రి, ఇద్దరికి వెన్నెల తగిలి మూడోవాడికి తగలలేదు.

వాణి: ఆ లోటును 2021లో మిడ్‌నైట్ హంట్ సెట్ పూడ్చింది కదా. పగలు, రాత్రి అన్నవి కార్డుకు కాక ఆట మొత్తానికి వర్తించేలా చేశారు. రాత్రి అయితే డేబౌండ్, అంటే పగలూ రాత్రులకు కట్టుబడే గుణం, ఉన్న కార్డులన్నీ ఒక్కసారే తిరుగుతాయి, రాత్రివేళ కొత్తగా వచ్చేవాడు నేరుగా తోడేలుగానే వస్తాడు.

కిరణ్: పూడ్చింది, కానీ దానికి చెల్లించిన మూల్యం చూశారా? కొత్త నియమం టర్న్ ఎవరిదో వారు వేసిన స్పెల్స్‌నే లెక్కపెడుతుంది. తోడేలు యజమాని తన టర్న్‌లో మౌనంగా ఉంటే, మీరు దాచుకున్న ఆ చిన్న స్పెల్‌ను మధ్యలో వేసినా రాత్రి ఆగదు. మీరు ఇంతసేపు పొగిడిన భయమే పోయింది.

వాణి: అవును, నా బాధంతా అదే. చంద్రుడు సరిగ్గా కుదిరాడు, ఊరివాళ్ల చేతిలోని దీపం మాత్రం లాగేసుకున్నారు. పాత నియమం లెక్కకు గజిబిజిగా ఉన్నా, ఎదుటివాడి టర్న్‌లో కూడా నాకు ఎదురు నిలిచే అవకాశం ఇచ్చింది.

కిరణ్: పైగా పగలు, రాత్రి ఒకసారి మొదలయ్యాక బల్ల మీద ఒక్క తోడేలూ మిగలకపోయినా ఆట ముగిసేదాకా లెక్క చూసుకుంటూనే ఉండాలి. కథ అయిపోయాక కూడా సాగే ఆ లెక్క నాకు నిజంగా విసుగు పుట్టిస్తుంది.

వాణి: విసుగు మాట వచ్చింది కాబట్టి మీ మనసు కుదుటపడే కార్డు చెబుతాను. మేయర్ ఆఫ్ అవాబ్రక్.

కిరణ్: ఆహా! ఆ కార్డు దగ్గర నాకు వాదన లేదు. పగటిపూట అతను 1/1, తనవైపున్న మిగతా మనుషులందరికీ +1/+1 ఇస్తాడు. రాత్రి 3/3 హౌల్‌ప్యాక్ ఆల్ఫా అయి, మిగతా తోడేళ్లకూ తోడేలు మనుషులకూ అదే బలం ఇస్తూ, మీ ప్రతి టర్న్ చివరా ఒక 2/2 తోడేలు టోకెన్‌ను, అంటే కార్డు లేకుండానే బల్ల మీదికి వచ్చే క్రీచర్‌ను, పిలుస్తాడు. పగలు తన అండ చూసుకుని బలపడిన మనుషులకు రాత్రి కాగానే ఆ అండ పోతుంది. ఊరి పెద్దే గుంపుకు నాయకుడన్న కథ మొత్తం రెండు ముఖాల నియమాల్లోనే ఉంది. అరచేత్తో ఎంత గట్టిగా మూసినా అది బయటికి కనిపిస్తుంది.

వాణి: ఇక దేవతల దగ్గరికి వద్దాం, సమయం తక్కువే ఉంది. థెరోస్‌లో, మానాకున్న అయిదు రంగుల్లో రంగుకొకరు చొప్పున ఉన్న అయిదుగురు పెద్ద దేవతలను ఏ దెబ్బా నాశనం చేయలేదు. అయితే ఆ రంగు మీద మీ భక్తి, అంటే బల్ల మీదున్న మీ కార్డుల ఖరీదులో ఆ రంగు మానా గుర్తుల సంఖ్య, 5కు చేరేదాకా వాళ్లు క్రీచర్లు కారు. భక్తులుంటేనే దేవుడికి రూపం అన్నమాట.

కిరణ్: ఆలోచన బాగుంది, కానీ దేవుడి సొంత ఖరీదులోని గుర్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్ర దేవత థస్సా తన భక్తిలో మొదటి గుర్తును తానే తెచ్చుకుంటుంది. అరచేయి పరీక్షలో నేను పూర్తి మార్కులు వేసేది ఎరెబోస్‌కే. ప్రత్యర్థులు లైఫ్ పెంచుకోలేరని అందులో ఒక వాక్యం ఉంది, పోయిన ప్రాణం తిరిగి రాదనే మృత్యుదేవుణ్ణి అది వెంటనే గుర్తు చేస్తుంది.

వాణి: నేనైతే పర్ఫోరోస్‌ను ముందు పెడతాను. కొలిమి దేవుడు రూపం దాల్చకపోయినా సరే, మీవైపు మరో క్రీచర్ వచ్చిన ప్రతిసారీ ప్రతి ప్రత్యర్థికీ 2 డ్యామేజ్ తగులుతుంది. సుత్తి పడినప్పుడల్లా రవ్వలు లేచినట్టే కదా.

కిరణ్: పేరు మూసి చదివితే అది సుత్తి అని ఎవరికి తడుతుంది వాణి గారూ? పిడుగు అనుకోవచ్చు, విస్ఫోటం అనుకోవచ్చు.

వాణి: తట్టాల్సిన అవసరం లేదంటున్నాను. చిన్న చిన్న టోకెన్లు వరసగా దించుతున్న ఆటగాడి చెయ్యి లయను ఒకసారి గమనించండి, అప్పుడు మీరే చెబుతారు.

కిరణ్: లయ వేరు, అర్థం వేరు. సూర్యదేవుడు హీలియోడ్‌ను తీసుకుంటే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వాణి: హీలియోడ్, వేట దేవత నైలియా ఇద్దరూ వచ్చే భాగానికే. రికార్డింగ్ ఇక్కడ ఆపాలి.