మామునూరు మీద మోత సంగతి

శ్రోతలకు నమస్కారం.

నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ అభివృద్ధి చేసేందుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. వరంగల్‌కు విమానం రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. భూమి గురించి, పరిహారం గురించి మాట్లాడుకుంటున్నాం. విమానాల చప్పుడు, ఆ మోత గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ముందు పిల్లల సంగతి. 1992లో జర్మనీలోని మ్యూనిక్‌లో పాత విమానాశ్రయాన్ని మూసేసి, వేరే చోట కొత్తది తెరిచారు. పరిశోధకులు ఆ మార్పుకు ముందూ తర్వాతా రెండు చోట్లా పిల్లల్ని పరీక్షించారు. కొత్త ఎయిర్‌పోర్టు దగ్గరి పిల్లలు చదవడంలో, చదివింది గుర్తుపెట్టుకోవడంలో వెనకబడ్డారు. మోత ఆగిపోయిన పాత చోట పిల్లలు మెరుగుపడ్డారు. మన మామునూరులోనే నవోదయ విద్యాలయం ఉంది. అక్కడి పిల్లలు చదివేదీ, పడుకునేదీ ఆ ఆవరణలోనే. విమానం నెత్తిమీదుగా పోతుంటే పాఠం చెప్పే టీచర్ ఆగాలి, తెగిన మాటను మళ్లీ అందుకోవాలి. రోజులో అలా ఎన్నిసార్లు?

ఇక రాత్రి. మనకు మెలకువ రాకపోయినా ఆ చప్పుడుకు గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఏళ్ల తరబడి ఇదే జరిగితే గుండె జబ్బుల ముప్పు ఉంటుంది. విమానాల మోత రాత్రిపూట సగటున 40 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ దేశాలకు సూచించింది. అక్కడ ఇళ్లకు రెండు పొరల అద్దాల కిటికీలు బిగించి కొంత కాపాడుకుంటారు. మే నెలలో కరెంటు పోతే మనం దాబా మీద పక్కేసుకుంటాం. అక్కడ పడుకున్న ముసలమ్మకు ఏ అద్దం అడ్డుపడుతుంది? అందుకే మనకు కిటికీల కంటే విమానాల వేళలే ముఖ్యం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూలు విమానాలు నడపడం లేదు. అంత పెద్ద ఎయిర్‌పోర్టు పాటించగలిగినప్పుడు, కొత్తగా మొదలయ్యే మనకు కష్టమేమీ కాదు.

విమానాలు దిగే, ఎగిరే దారి ఏ ఊళ్ల మీదుగా పోతుందో, ఎక్కడ ఎంత మోత ఉంటుందో చూపే మ్యాపును గ్రామ పంచాయతీల్లో తెలుగులో పెట్టాలి. కొత్త బడికి, ఆసుపత్రికి స్థలం చూసేముందు అధికారులు దాన్ని చూడాలి. ఖమ్మం రోడ్డు పక్క వెంచర్లలో ప్లాటు కొనేవాళ్లు కూడా లేఅవుటు కాగితంతో పాటు ఆ మ్యాపును అడగండి.