ఓరిబే కప్పుకి ఆ పచ్చదనం ఎక్కడిది?

[తెర మీద: చెక్క బల్ల మీద ఒకే ఒక కాఫీ కప్పు. కెమెరా దాని చుట్టూ మెల్లగా తిరుగుతుంది.]

ఈ కప్పుని కాస్త దగ్గరగా చూడండి. అంచు సమంగా లేదు. ఒక పక్క చిక్కటి ఆకుపచ్చ. రెండో పక్క మీగడ రంగు మీద గోధుమ రంగు గీతలు. ఆకుపచ్చ పూత కిందికి జారి, అడుగు దాకా వచ్చి బొట్టులా ఆగిపోయింది. ఇలాంటిది కొరియర్‌లో వస్తే మనలో సగం మంది "డిఫెక్ట్ పీస్ అంటగట్టాడు" అని రిటర్న్ పెట్టేస్తారు. జపాన్‌లో మాత్రం ఈ వంకరకీ, ఈ జారుడికీ నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

దీన్ని ఓరిబే అంటారు. పుట్టిల్లు మినో. అంటే ఇప్పటి జపాన్‌లోని గిఫు ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటిది) దక్షిణ భాగం, తజిమి, టోకి ఊళ్ళున్న చోటు. జపాన్ ఇళ్ళలో వాడే పింగాణీ, మట్టి పాత్రల్లో దాదాపు సగం ఇవాళ్టికీ ఆ చుట్టుపక్కలే తయారవుతాయి.

ముందు ఆ పచ్చదనం సంగతి చూద్దాం. చూడగానే ఎవరో కుంచెతో రంగు వేశారనిపిస్తుంది. నిజానికి అది గాజు. మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటే లోపల వేలితో తడిమి చూడండి. ఆ నునుపే గ్లేజ్. ఉప్పూ నూనే మట్టిలోకి ఇంకకుండా అడ్డుపడే సన్నటి గాజు పొర అది.

[గ్రాఫిక్: సిలికా, బూడిద, మట్టి. ఒకదాని పక్కన ఒకటి మూడు కుప్పలు.]

గాజు కావాలంటే ఇసుకలో ఉండే సిలికా కరగాలి. అది ఒంటరిగా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కుమ్మరి బట్టీలో అంత వేడి పుట్టించడం అయ్యే పని కాదు. అందుకే కట్టెల బూడిద కలుపుతారు. బూడిదలోని కాల్షియం, పొటాషియం సాయంతో సిలికా 1,200 పైచిలుకు డిగ్రీలకే లొంగిపోతుంది. మట్టిలో ఉండే అల్యూమినా ఆ కరిగిన గాజు నీళ్ళలా కారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఈ కలయికలో కొద్దిగా రాగి ఆక్సైడ్ పడిందా, ఓరిబే ఆకుపచ్చ వస్తుంది.

అయితే రాగికి నిలకడ తక్కువ. బట్టీలోకి గాలి ధారాళంగా ఆడితే ఆకుపచ్చ. మంటకి ఆక్సిజన్ చాలకపోతే అదే రాగి ఎర్రబారుతుంది. పూత పలచబడ్డ అంచు దగ్గర పచ్చదనం వెలిసిపోయినట్టు ఉంటుంది, మందంగా పేరుకున్న చోట ముదురుతుంది. బట్టీలో ఏ మూల పెట్టారు, పూతలో ఎంతసేపు ముంచారు అన్నదాన్ని బట్టి పక్కపక్క కప్పులే వేరుగా వస్తాయి.

[పాత చిత్రం: టీ గది]

ఇక వంకర సంగతి. ఈ పేరు ఫురుటా ఓరిబే అనే యోధుడిది. తేనీటి గురువు సెన్ నో రిక్యూ దగ్గర నేర్చుకున్నవాడు. గురువుది నిరాడంబరమైన నలుపు, శిష్యుడిది అల్లరి. 1599లో ఓరిబే ఇచ్చిన తేనీటి విందుకి హకాటా వర్తకుడు కమియా సోటాన్ వెళ్ళాడు. అక్కడి గిన్నె వంకరగా, నవ్వొచ్చేలా ఉందని డైరీలో రాసుకున్నాడు. పొగడ్తో, వెటకారమో మీరే తేల్చుకోండి. ఆ అభిరుచే ఫ్యాషన్ అయి కూర్చుంది. ఓరిబే మాత్రం 1615లో అప్పట్లో జపాన్‌ని ఏలిన తొకుగావా ప్రభుత్వ ఆజ్ఞ మీద ఆత్మహత్య చేసుకోవాల్సి వచ్చింది.

ఆయన రోజుల్లో ఈ పూత టీ గిన్నెలకీ, పళ్ళేలకీ. జపాన్ టీ గిన్నెకి పిడి ఉండదు. పిడి ఉన్న కాఫీ కప్పు ఆ దేశంలో పాతుకుపోయింది 1868లో మొదలైన మెయిజీ కాలం తర్వాతే.

[వీడియో: సారె మీద చేతులు]

సారె మీద కప్పు లేపుతారు. కాస్త గట్టిపడ్డాక అడుగు చెక్కి, పిడి అతికిస్తారు. మొదటి కాల్పు 700, 800 డిగ్రీల దగ్గర. తర్వాత ఇనుప రంగుతో గీతలు గీసి, ఒక పక్కని రాగి పూతలో ముంచుతారు. అడుగున పూత తుడిచేయాలి, లేకపోతే కప్పు బట్టీ పలకకి అతుక్కుపోతుంది. ఆ తర్వాత అసలు కాల్పు.

ఇప్పుడు చెప్పేది నాకు బాగా నచ్చిన ఘట్టం. బట్టీలోంచి తీసిన ఓరిబే మీద మసకగా ఒక పొర ఉంటుంది. దాన్ని వదిలించడానికి ఓక్ కాయల టోపీల నుంచి తీసిన వగరు ద్రావణంలో కప్పుల్ని నానబెడతారు. పొర వదిలి అసలు రంగు బయటపడుతుంది. గ్లేజ్‌లోని వెంట్రుకవాసి పగుళ్ళలోకి ఆ వగరు దిగి, సన్నటి గోధుమ రంగు వల తేలుతుంది. మట్టి కన్నా గాజు ఎక్కువగా ముడుచుకోవడం వల్ల చల్లారేటప్పుడు పడ్డ పగుళ్ళవి. కప్పు పగిలిందని కంగారు పడొద్దు.

కొనేవాళ్ళకి ఒక మాట. కప్పు తిరగేసి చూడండి. అడుగున పూత లేని మట్టి కనపడాలి. ఒకే రకం రెండు కప్పులు పక్కన పెట్టి, గీతలూ జారుడూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అవి ప్రింటు స్టిక్కర్ అతికించిన సరుకు. కాఫీ తాగడానికి పనికొస్తుంది, చేతిపని ధర మాత్రం ఇవ్వకండి.

[వీడియో: గిన్నెలో బియ్యం కడుగుతున్న చేతులు]

కొత్త కప్పుకి జపాన్ వాళ్ళు చేసే పని మన వంటింట్లోనూ తేలికే. బియ్యం కడిగిన నీళ్ళలో కప్పు ముంచి, సన్నటి సెగ మీద పావుగంట మరిగించి, అందులోనే చల్లారనిస్తారు. గంజి మట్టిలోని సందుల్ని పూడుస్తుంది, కాఫీ మరక త్వరగా పట్టదు. మైక్రోవేవ్‌కి దూరంగా ఉంచండి, పగుళ్ళలో ఇంకిన తడి వేడెక్కితే కప్పు నిజంగానే చిట్లవచ్చు. రాగి చెంబుకి అలవాటు కదా అని దీన్నీ చింతపండుతో తోమకండి. పులుపు తగిలితే ఈ ఆకుపచ్చ వెలిసిపోతుంది. నిమ్మరసం పోసి ఉంచడం కూడా వద్దు, గ్లేజ్‌లోని రాగి అందులోకి దిగవచ్చు.