కాల్చేసిన నవలని వేరే ముగింపుతో మళ్ళీ రాసిన బుచి ఎమెచెటా

అందరికీ నమస్కారం అండీ. ఈ వీడియోలో బుచి ఎమెచెటా గురించి మాట్లాడుకుందాం. నైజీరియాలో పుట్టి, లండన్‌లో బతికి, ఇంగ్లీషులో నవలలు రాసిన ఇగ్బో రచయిత్రి, ఇగ్బో అంటే నైజీరియాలో ఒక జాతి. ఆఫ్రికా సాహిత్యం అనగానే మనవాళ్ళకి చినువా అచెబె గుర్తొస్తాడు, ఎంఏ ఇంగ్లీషు చదివినవాళ్ళైతే సిలబస్‌లోనే చదివి ఉంటారు, కెన్యా రచయిత గూగీని వరవరరావు గారు అనువాదం చేశారు కాబట్టి ఆయనా తెలుసు. బుచి పేరు చెప్తే మాత్రం చాలామంది ఎవరావిడ అంటారు, నాకు అది నిజంగా బాధగా ఉంటుంది, అందుకే ఈ వీడియో.

ఆవిడ గురించి తెలిసినవాళ్ళు కూడా ఎక్కువగా చెప్పేది ఒకటే కథ. ఇరవై రెండేళ్ళకే ఐదుగురు పిల్లలు, మొగుణ్ణి వదిలేసింది, లండన్‌లో ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటూ, ఉద్యోగం చేస్తూ, డిగ్రీ చదువుతూ, నవలలు రాసింది, అబ్బ ఎంత గొప్ప మనిషి అని. గొప్పే, కాదనను. కానీ అక్కడితో ఆపేస్తే ఆవిడ కష్టం కనిపిస్తుంది కానీ రాత కనిపించదు. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఆవిడ రాత గురించి, అందులోనూ ఒక నవలకి రెండు ముగింపులు ఎందుకు వచ్చాయి అనేదాని గురించి.

ముందు కాస్త జీవితం చెప్పుకోవాలి, లేకపోతే ఆ ముగింపుల సంగతి అర్థం కాదు.

1944 జూలై 21న లాగోస్‌లో పుట్టింది. తల్లిదండ్రులది ఇబుసా, నైజర్ నది పడమటి ఒడ్డున అసాబా దగ్గర ఉండే ఊరు. తండ్రి రైల్వేలో పని చేసేవాడు. తల్లి కథ వింటే మనకే గుండె పట్టేస్తుంది, ఆవిణ్ణి చిన్నప్పుడు సొంత అన్నే ఒక బంధువుల ఇంటికి బానిసగా అమ్మేశాడు, ఎందుకంటే ఈడొచ్చిన కుర్రాళ్ళు ఆడే డాన్సుకి తలకి కట్టుకోడానికి పట్టుగుడ్డలు కావాలట. ఆ యజమానురాలు చనిపోయాక ఆవిడ తిరిగి సొంతూరు వచ్చేసింది. ఈ కథని బుచి తర్వాత 1977లో ది స్లేవ్ గర్ల్ నవలగా రాసింది. అందులో ఆ పిల్లని అన్న ఎనిమిది పౌండ్లకి అమ్ముతాడు, చివర్లో ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ మొగుడు పాత యజమానురాలి కొడుక్కి అదే ఎనిమిది పౌండ్లు కట్టి అప్పు తీర్చేస్తాడు, అందరూ సంతోషిస్తారు, కానీ రచయిత్రి మనకి చెప్పేదేంటంటే ఆవిడకి యజమాని మారాడు అంతే అని. ఎంత కోపం ఉంటే అలా రాస్తారండీ.

ఇక చదువు విషయం. తమ్ముణ్ణి బడికి పంపారు, ఆడపిల్ల కదా అని బుచిని పంపలేదు, ఆవిడ గొడవ చేసి మరీ చదువులోకి వచ్చింది. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. అయినా స్కాలర్‌షిప్ కొట్టి లాగోస్‌లో మెథడిస్ట్ గర్ల్స్ హైస్కూల్‌లో చేరింది. సెలవుల్లో ఇబుసా వెళ్తే అక్కడ తండ్రి వైపు పెద్దావిడ ఒకరు రాత్రిళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టి వంశం కథలు చెప్పేది, నేనూ పెద్దయ్యాక ఇలా కథలు చెప్పాలి అని అప్పుడే అనుకుందట. ఒకసారి క్లాసులో టీచరమ్మతో నేను రచయిత్రిని అవుతాను అని అంటే, నీకింత గర్వమా, వెళ్ళి చర్చిలో దేవుణ్ణి క్షమాపణ అడుగు అని పంపించేసిందట ఆ తెల్లదొరసాని. ఆత్మకథ హెడ్ అబవ్ వాటర్‌లో చెప్తుంది ఇవన్నీ.

పదకొండేళ్ళకే సంబంధం ఖాయమైంది, పదహారేళ్ళకి, అంటే 1960లో, పెళ్ళి. అదే ఏడాది నైజీరియాకి స్వతంత్రం కూడా వచ్చింది. మొగుడు చదువుకోసం లండన్ వెళ్తే, ఈవిడ లాగోస్‌లో అమెరికన్ ఎంబసీలో ఉద్యోగం చేసి, 1962లో ఇద్దరు పిల్లలతో తనూ వెళ్ళింది.

అప్పటి లండన్ గురించి సెకండ్-క్లాస్ సిటిజన్‌లో చదవాలి మీరు. 1974లో వచ్చిన నవల, ఆడా అనే పేరు పెట్టింది గానీ దాదాపు తన కథే. అద్దె ఇళ్ళ ముందు నల్లవాళ్ళకి ఇవ్వం అని బోర్డులు. ఒకచోట బోర్డులో ఆ ముక్క లేదని ఆడా ఫోన్ చేస్తుంది, తన గొంతులో ఆఫ్రికన్ యాస తెలియకుండా ముక్కు మూసుకుని మాట్లాడుతుంది, ఇంటావిడ రమ్మంటుంది, తీరా వెళ్ళి తలుపు తట్టాక ఆవిడ వీళ్ళ మొహాలు చూసి, ఇప్పుడే ఇచ్చేశామండీ అంటుంది. ఇదంతా చదివి తెల్లవాళ్ళు ఎంత దుర్మార్గులో అని మనం అనుకుంటూ ఉండగానే రచయిత్రి మనల్ని ఇంట్లోకి తీసుకెళ్తుంది. ఇంట్లో ఇంకోటి. పిల్లలు పుట్టకుండా జాగ్రత్త పడదామంటే క్లినిక్‌లో మొగుడి సంతకం కావాలంటారు, ఆడా దొంగసంతకం పెడుతుంది, అది తెలిసి మొగుడు కొడతాడు, ఇరుగుపొరుగు అందరికీ చెప్తాడు. వీధిలో రంగు వల్ల, ఇంట్లో ఆడదానివి కావడం వల్ల, రెండు చోట్లా రెండో తరగతే, పుస్తకం పేరుకి రెండర్థాలూ ఉన్నాయి.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో ఉద్యోగం చేస్తూ ఆవిడ ఒక నవల రాసుకుంది, పేరు ది బ్రైడ్ ప్రైస్, అంటే కన్యాశుల్కం. మొదటి నవల. మొగుడు ఆ కాగితాలన్నీ కాల్చేశాడు. నవలలో ఆ సీన్‌లో అతను అనేది దాదాపు ఇది, నేను చదివాను, నా పెళ్ళాం ఇలాంటి పుస్తకం రాస్తే మావాళ్ళు ఊరుకోరు అని. ఆడా మాత్రం నా బిడ్డని చంపేశావు అంటుంది. ఆ తర్వాత బయటికి వచ్చేసింది, 1966లో, ఐదో బిడ్డ కడుపులో ఉండగా. కోర్టులో అతను అసలు మాకు పెళ్ళే కాలేదు అని వాదించినట్టు నవలలో ఉంటుంది, పెళ్ళి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అన్నీ అంతకుముందే కాల్చేశాడు కాబట్టి.

కౌన్సిల్ ఇళ్ళలో, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ళలో, ప్రభుత్వం ఇచ్చే భత్యం మీద బతికిన రోజుల గురించి న్యూ స్టేట్స్‌మన్ పత్రికకి రాసి పంపేది, వాళ్ళు వేసుకున్నారు, అవే 1972లో ఇన్ ద డిచ్ పేరుతో మొదటి పుస్తకంగా వచ్చాయి. మరోపక్క లండన్ యూనివర్సిటీలో సోషియాలజీ డిగ్రీ. ఎక్కువగా పొద్దున్నే పిల్లలు లేవకముందు రాసుకునేది. సెకండ్-క్లాస్ సిటిజన్ ఐదుగురు పిల్లలకే అంకితం ఇచ్చింది, మీరు వెనకాల చేసిన ఆ తియ్యని గోల లేకపోతే ఈ పుస్తకమే లేదు అని.

సరే, ఇప్పుడు ఆ ముగింపుల దగ్గరికి వద్దాం.

కాలిపోయిన ది బ్రైడ్ ప్రైస్‌ని ఆవిడ మళ్ళీ రాసింది, 1976లో అచ్చయింది. కథ ఏంటంటే, తండ్రి పోయాక అకున్నా అనే అమ్మాయి లాగోస్ నుంచి ఇబుసా వస్తుంది, అక్కడ చికే అనే టీచర్‌ని ప్రేమిస్తుంది, అతను చదువుకున్నవాడు, డబ్బున్న కుటుంబం, కానీ పూర్వీకులు బానిసలు. కాబట్టి పెళ్ళికి ఒప్పుకోరు. కన్యాశుల్కం గురించి మనకి గురజాడ వారి నాటకం వల్ల తెలుసు, ఇగ్బోల్లో సంగతి వేరు, అక్కడ కన్యాశుల్కం ముట్టకపోతే ఆ పిల్ల మొదటి కాన్పులోనే చచ్చిపోతుంది అని ఒక నమ్మకం. వేరేవాడు అకున్నాని ఎత్తుకుపోతే ఆ పిల్ల ధైర్యంగా అబద్ధం ఆడి తప్పించుకుని చికేతో పారిపోతుంది, చికే తండ్రి శుల్కం ఎంతైనా ఇస్తానంటాడు, మారుతండ్రి కావాలనే తీసుకోడు.

మొదటిసారి రాసినప్పుడు, అంటే ఆ కాలిపోయిన ప్రతిలో, వాళ్ళిద్దరూ ఆచారాన్ని ఎదిరించి సుఖంగా బతికినట్టు రాసిందట. రెండోసారి రాసినప్పుడు అకున్నా కాన్పులో చచ్చిపోతుంది. బిడ్డ బతుకుతుంది, పేరు జాయ్. ఆ తర్వాత ఊళ్ళో ప్రతి ఆడపిల్లకీ ఈ కథే చెప్తారు, చూశావా శుల్కం ముట్టకుండా వెళ్తే ఏమైందో అని.

ఇది చదివి చాలామంది ఆవిడ ఆచారానికి లొంగిపోయిందంటారు. నేను ఒప్పుకోను. అకున్నా ఇంకా చిన్నపిల్ల, ఒంట్లో బలం లేదు, సరిగ్గా తిండి తినలేదు, డాక్టర్ కూడా ఆ మాటే అంటాడు, అదంతా రచయిత్రి ముందునుంచీ పేర్చుకుంటూ వస్తుంది, దానికి తోడు చిన్నప్పటినుంచీ మనసులో నాటుకున్న భయం. చంపింది శాపం కాదు అని మనకి తెలుస్తుంది, ఊరికి మాత్రం శాపంలాగే కనిపిస్తుంది. ఆచారం ఎలా బతుకుతుందో, ఒక పిల్ల చావుని కూడా ఎలా వాడుకుంటుందో ఆ చివరి పేజీలో ఉంది. సుఖాంతం రాసి ఉంటే మనం హాయిగా పుస్తకం మూసేసేవాళ్ళం. తను పెళ్ళిలో చూసిందంతా చూశాక ఆ పాత ముగింపు ఆవిడకి అబద్ధం అనిపించి ఉంటుంది అని నేను అనుకుంటాను, ఇది నా అభిప్రాయం మాత్రమే.

అన్నిటికన్నా పెద్ద పుస్తకం నా లెక్కలో 1979లో వచ్చిన ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్. ఈ పేరు కూడా ఊరికే పెట్టలేదు, ఫ్లోరా న్వాపా అని ఆవిడకన్నా ముందు రాసిన నైజీరియన్ రచయిత్రి, 1966లో ఎఫురు అనే నవల రాసింది, దాని చివర్లో మాతృత్వపు సంతోషం ఎరగని జలదేవతని ఆడవాళ్ళు ఎందుకు కొలుస్తున్నారు అని ప్రశ్న ఉంటుంది. బుచి ఆ మాట తీసుకుని నవలంతా దాని మీద రాసింది. న్ను ఎగో అనే తల్లి, లాగోస్‌లో వీధిలో సిగరెట్లు, అగ్గిపెట్టెలు, కట్టెలు అమ్మి పిల్లల్ని పెంచుతుంది, మొగుడు తెల్లవాళ్ళ ఇంట్లో బట్టలుతికే పని, తర్వాత బ్రిటిష్ సైన్యం అతన్ని బలవంతంగా పట్టుకుపోతుంది, రెండో ప్రపంచ యుద్ధానికి.

ఇందులో కోర్టు సీన్ ఒకటి ఉందండీ. కూతురు యోరుబా అనే వేరే జాతి అబ్బాయితో వెళ్ళిపోయిందని మొగుడు కత్తి తీసుకుని ఆ ఇంటిమీదికి వెళ్తాడు, కేసవుతుంది. లాయర్ ఈవిణ్ణి అడుగుతాడు, పిల్లల ఫీజులు ఎవరు కడుతున్నారమ్మా అని. మా ఆయనే అంటుంది. మరి డబ్బు ఎవరిది అంటే, కట్టేది నేనే కానీ ఆయన మా ఇంటి పెద్ద, దేవుడు మనందరికీ యజమాని అయినట్టు ఆయన నాకు యజమాని, కాబట్టి నేను కట్టినా ఆయన కట్టినట్టే అని ఎంతో నిజాయితీగా చెప్తుంది. కోర్టులో నవ్వుతారు. తను మొగుణ్ణి కాపాడుతున్నా అనుకుని చెప్పిన మాటే అతనికి ఎదురు తిరుగుతుంది. ఇక్కడ ఇంగ్లీషు చట్టానికి ఆవిడ అర్థం కాదు, ఆవిడకి ఆ చట్టం అర్థం కాదు, వలసపాలన అంటే ఏంటో పాఠాలు చెప్పకుండా ఒక పేజీలో చూపించేసింది.

చివరికి ఒక కొడుకు అమెరికాలో, ఒకడు కెనడాలో. తల్లి ఒకరాత్రి రోడ్డు పక్కనే పడుకుని ఒంటరిగా చచ్చిపోతుంది. కొడుకులు వచ్చి ఘనంగా కర్మకాండ చేస్తారు, గుడి కడతారు, పిల్లల కోసం మొక్కుకుంటే ఆవిడ మాత్రం పలకదు, ఎవరికీ బిడ్డల్ని ఇవ్వదు. మన ఊళ్ళలో కొడుకుల్ని విదేశాలకి పంపిన తల్లులు ఎంతమంది లేరు చెప్పండి, ఈ పేజీలు ఎవరూ తేలిగ్గా దాటలేరు.

ఆఫ్రికన్ మగవాళ్ళని చెడ్డగా చూపించింది అని విమర్శలు వచ్చాయి ఆవిడ మీద. ఆ నవలలు నిదానంగా చదివితే ఉద్యోగం, గౌరవం రెండూ తెల్లదొరల చేతిలో ఉన్న మగాడి అవమానం కూడా కనిపిస్తుంది, అది ఇంట్లో ఎవరి మీద తీరుతుందో కూడా కనిపిస్తుంది. ఆ రెండోది దాచమంటే ఆవిడ దాచలేదు.

తర్వాత 1982లో బయాఫ్రా యుద్ధం మీద, అంటే ఇగ్బోల ప్రాంతం నైజీరియా నుంచి విడిపోవాలని చేసిన యుద్ధం మీద, డెస్టినేషన్ బయాఫ్రా వచ్చింది, ఆ యుద్ధాన్ని ఆడవాళ్ళ వైపు నుంచి చెప్పిన నవల. కొడుకుతో కలిసి సొంతంగా పబ్లిషింగ్ కూడా పెట్టింది. 1983లో గ్రాంటా పత్రిక బ్రిటన్ యువ నవలాకారుల జాబితాలో ఆవిడ పేరు ఉంది, 2005లో ఓబీఈ అనే బ్రిటిష్ గౌరవ పురస్కారం ఇచ్చారు. 2010లో స్ట్రోక్ వచ్చింది, 2017 జనవరి 25న లండన్‌లో చనిపోయింది, 72 ఏళ్ళు.

కొత్తగా చదివేవాళ్ళు సెకండ్-క్లాస్ సిటిజన్‌తో మొదలుపెట్టండి, ఇంగ్లీషు చాలా తేలిగ్గా ఉంటుంది, డిక్షనరీ పెద్దగా అక్కర్లేదు. దాని వెంటనే ది బ్రైడ్ ప్రైస్ చదవండి, ఏ పుస్తకం కాలిపోయిందో తెలిసి చదువుతారు కాబట్టి ఆ ముగింపు వేరేగా తగులుతుంది. ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్ మూడోది. అకున్నా బతికి ఉండాల్సింది అనుకునేవాళ్ళు ఎందుకో కింద రాయండి, నాతో ఒప్పుకోకపోయినా పర్లేదు, నేను అన్నీ చదువుతాను.