ఫుట్ పెగ్గులు దించితే మోకాళ్లకు హాయే, మరి బండికి?

[తెర మీద: స్టాండ్ మీద నిలబెట్టిన బండి, పక్క నుంచి. కెమెరా కూర్చున్న మనిషి మోకాలి దగ్గర ఆగుతుంది.]

పొడుగు కాళ్ల వాళ్లకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. బండెక్కిన మొదటి గంట బాగానే గడుస్తుంది. ఆ తర్వాత మోకాలి చిప్ప కింద సన్నగా మొదలవుతుంది. ఓ కాలు తీసి గాల్లో చాపుతాం, కాసేపటికి రెండోది. ఎక్కడ ఆపాల్సి వస్తుందా, ఎప్పుడు కాలు కింద పెడదామా అని ఎదురుచూస్తాం. నాదీ అదే కథ. అందుకే పెగ్గులు, అంటే బండి మీద పాదాలు ఆనించే ఆ కడ్డీలు, కిందకి దించాను. దించి ఓ తప్పు కూడా చేశాను, దాని సంగతి మధ్యలో వస్తుంది.

ముందు మోకాలి లెక్క చూద్దాం.

[తెర మీద: తొడకి ఓ గీత, పిక్కకి ఓ గీత. మధ్యలో కోణం 75 నుంచి 79కి తెరుచుకుంటుంది.]

తుంటి నుంచి మోకాలికి 45 సెంటీమీటర్లు, మోకాలి నుంచి చీలమండకి 43 సెంటీమీటర్లు అనుకోండి. కూర్చుంటే మోకాలు 75 డిగ్రీల దగ్గర ముడుచుకుంది. ఇప్పుడు పెగ్గుని తుంటికి 25 మిల్లీమీటర్లు దూరం జరిపితే ఆ కోణం 79 డిగ్రీలు అవుతుంది. 50 మిల్లీమీటర్లు జరిపితే 83 దాటుతుంది. అంటే అంగుళానికి సుమారు నాలుగు డిగ్రీలు. పెగ్గు తుంటికి సరిగ్గా కింద ఉండదు, కాస్త ముందుకి ఉంటుంది కాబట్టి, నిట్టనిలువుగా దించితే ఇంకాస్త తక్కువే వస్తుంది.

నాలుగు డిగ్రీలేనా అనిపిస్తుంది. సినిమా హాల్లో ముందు సీటుకి మోకాళ్లు ఆనించి కూర్చున్నప్పుడు, ఆ సీటు ఓ వేలెడు ముందుకి జరిగితే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఇదీ అంతే.

అలాగని పెగ్గులు దించే కిట్ ఇప్పుడే కొనకండి. ముందు ఇంట్లోంచి ఓ తువ్వాలు తెచ్చుకోండి.

[తెర మీద: మడతలు వేసిన తువ్వాలు సీటు మీద పెడుతున్న చేతులు.]

పెగ్గు దించి చూడాలంటే సామాను కావాలి. సీటు ఎత్తి చూడాలంటే తువ్వాలు చాలు. మోకాలికి కావాల్సింది సీటుకీ పెగ్గుకీ మధ్య దూరమే, అది పైనుంచి వచ్చిందా కిందనుంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు. బండిని గట్టి నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి, లేదా ఎవరినైనా పట్టుకోమనండి. కూర్చున్నాక అణిగి ఓ అంగుళం మిగిలేలా తువ్వాలు మడిచి, పాదాలు పెగ్గుల మీద పెట్టి పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి. మధ్యలో తువ్వాలు తీసేసి మళ్లీ కూర్చోండి. తేడా మోకాలికే తెలుస్తుంది. తెలియలేదంటే మీ నొప్పి పెగ్గుది కాదు. సీటు ఫోమ్ అణిగిపోయి ఉండొచ్చు, హ్యాండిల్ దూరంగా ఉండొచ్చు. పెగ్గులు దించినంత మాత్రాన నడుం నొప్పి పోదు.

ఇది బండి ఆపి ఉన్నప్పుడు చేసే పరీక్షే సుమా. తువ్వాలు వేసుకుని రోడ్డెక్కకండి, జారుతుంది.

ఇక్కడ నా మాట ఒకటి వినండి. తువ్వాలు మీద కూర్చున్నప్పుడు కూడా రెండు పాదాలూ నేలకి హాయిగా ఆనుతున్నాయంటే, మీకు ఎత్తు సీటే మేలు. పెగ్గులు ముట్టుకోనక్కర్లేదు. ఎందుకంటే పెగ్గు దించితే మలుపులో మూల్యం చెల్లించాలి.

[తెర మీద: వెనక నుంచి బండి బొమ్మ, పక్కకి వాలుతుంది. పెగ్గు కొన నేలకి తగులుతుంది.]

బండి నడి గీత నుంచి పెగ్గు కొన 40 సెంటీమీటర్ల దూరంలో, నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. టైరు వెడల్పునీ సస్పెన్షన్ దిగడాన్నీ పక్కన పెడితే, బండి 37 డిగ్రీలు వాలేసరికి పెగ్గు నేలని గీరుతుంది. 25 మిల్లీమీటర్లు దించితే 34న్నరకే గీరుతుంది. పోయింది రెండున్నర డిగ్రీలు. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే బండికి ఇది లెక్కలోకి రాదు. వెనక మనిషినీ సామానునీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కే బండికి మాత్రం వస్తుంది. బరువుకి వెనక సస్పెన్షన్ ముందే కుంగి ఉంటుంది మరి.

పెగ్గు కొన కింద వేలాడే బోల్టులు కొన్ని బండ్లకి కనిపిస్తాయి. వాటిని ఫీలర్లంటారు. ముందు అవే నేలకి తగిలి, ఇక వాల్చొద్దని చెప్తాయి. పెగ్గు మడతపడేలా ఉండేది కూడా ఇందుకే. నేలకి తగిలినప్పుడు పైకి, వెనక్కి మడుచుకుంటుంది. మడవకపోతే అదే మీటలా పనిచేసి వెనక చక్రాన్ని నేల మీంచి లేపేస్తుంది. కాబట్టి కిట్ బిగించాక మొదట చెయ్యాల్సిన పని, పెగ్గుని చేత్తో పైకి తోసి, దానంతటది తిరిగి వస్తోందో లేదో చూడటం. కుడి ఎడమలు తారుమారైతే చాలావాటికి ఇక్కడే తేడా తెలిసిపోతుంది.

కిట్లు రెండు రకాలు. పెగ్గునే మార్చేసేవి ఒకటి, ఉన్న పెగ్గుకీ బ్రాకెట్టుకీ మధ్యలో దిమ్మ పెట్టేవి ఇంకొకటి. దిమ్మ రకంలో కొన్ని కిందకే కాక ముందుకి, వెనక్కి కూడా జరుగుతాయి. మరీ ముందుకి పెట్టకండి. పాదం ఒంటి కిందే ఉంటే గోతులొచ్చినప్పుడు పెగ్గు మీద బరువు వేసి సీటు మీంచి కాస్త లేవగలం. ముందుకి పోతే ఆ దెబ్బంతా నడుముకే.

వాషర్లు దొంతరగా పేర్చడం, బ్రాకెట్టు వేడిచేసి వంచడం లాంటి ప్రయోగాలు వద్దు. గోతిలో పడ్డప్పుడు మనిషి బరువంతా పెగ్గుని బ్రాకెట్టుకి పట్టి ఉంచే ఆ ఒక్క పిన్ను మీదే పడుతుంది.

[తెర మీద: పిన్ను, స్ప్లిట్ పిన్ను, స్ప్రింగ్ దగ్గరగా.]

విప్పేటప్పుడు స్ప్రింగ్ మీద అరచెయ్యి పెట్టండి. లేకపోతే అది ఎగిరి ఎక్కడ పడిందో వెతుక్కోవడానికే సాయంత్రం అయిపోతుంది. స్ప్లిట్ పిన్ను ఒకసారి వంచి తీశాక మళ్లీ వాడకండి, కొత్తది వేయండి. బోల్టులకి థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, బండి మాన్యువల్లో లేదా కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్న టార్క్‌కే, అంటే బిగింపు కొలతకే, బిగించండి.

పెగ్గు బిగించడంతో పని అయిపోయిందనుకున్నాను నేను. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

పాదం కిందకి దిగింది, గేర్ లివరూ బ్రేక్ పెడలూ మాత్రం పాత చోటే ఉండిపోయాయి. నేను వాటిని సరిచేయకుండానే బయల్దేరాను. మోకాళ్లకి ప్రాణం లేచొచ్చింది. అరగంట తర్వాత వెనకే వస్తున్న మా ఫ్రెండు పక్కకొచ్చి, "ఒరేయ్, నీ బ్రేక్ లైటు ఆరట్లేదేంట్రా" అని అరిచాడు. ఆపి చూస్తే వెనక డిస్క్ దగ్గర వేడి సెగ. పాదం కిందకి దిగాక బ్రేక్ పెడల్ వేళ్లకి ఎత్తయిపోయింది. కుడి కాలు తన మానాన తాను దాని మీద బరువేసి కూర్చుంది, నాకు తెలియనే లేదు.

[తెర మీద: వెనక మాస్టర్ సిలిండర్, పుష్ రాడ్, లాక్ నట్.]

డిస్క్ బ్రేక్ అయితే పెడల్ దించడం చాలా బండ్లకి ఇక్కడే. లాక్ నట్ వదులు చేసి, పెడల్ నొక్కుడుని మాస్టర్ సిలిండర్‌కి అందించే పుష్ రాడ్ తిప్పాలి. కానీ ఫ్రీ ప్లే, అంటే బ్రేక్ పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే ఆట, పోకూడదు. పెడల్ కొన దగ్గర మాన్యువల్ చెప్పినంత ఆట మిగలాలి. లేకపోతే లోపల పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ తిరిగివెళ్లే రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి ఫ్లూయిడ్ వ్యాకోచించి, మీరు తొక్కకుండానే బ్రేక్ పట్టేస్తుంది. చక్రం లాక్ అయినా ఆశ్చర్యం లేదు. డ్రమ్ బ్రేక్ అయితే పెడల్ ఆపే బోల్టు, వెనక రాడ్డు నట్టు, రెండూ చూసుకోవాలి. ఏ బ్రేక్ అయినా చివర్లో బ్రేక్ లైట్ స్విచ్ సర్దండి. ఈ పనిలో చెయ్యి తిరగకపోతే మెకానిక్‌కి ఇచ్చేయండి, ఇందులో నామోషీ ఏం లేదు.

గేర్ లివర్ దీనికంటే తేలిక. లివర్‌నీ గేర్ షాఫ్ట్ మీది ఆర్మ్‌నీ కలిపే లింకేజ్ రాడ్ ఉంటే, రెండు లాక్ నట్లూ వదులు చేసి రాడ్డునే తిప్పండి. సాధారణంగా ఓ చివర ఎడమ మర (మామూలుకి వ్యతిరేకంగా తిరిగేది) ఉంటుంది, అందుకే రాడ్ విప్పకుండానే పొడవు మారుతుంది. రాడ్‌కీ షాఫ్ట్ మీది ఆర్మ్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరగా ఉండేలా చూసుకోండి, లేకపోతే గేర్లు బరువుగా పడతాయి. లివర్ నేరుగా పళ్ల షాఫ్ట్ మీదే ఉంటే, బోల్టు పూర్తిగా తీసి ఒక పన్ను మార్చి పెట్టండి. తీసేముందు పెయింటుతో చిన్న గుర్తు పెట్టుకోండి.

ఎడమ వైపు సైడ్ స్టాండ్ మడిచి చూడండి, పెగ్గుకి తగలకూడదు. కుడి వైపు మడమ సైలెన్సర్‌కి ఆనుతోందేమో చూడండి. మీ ప్రాంతంలో బండి మార్పుల నిబంధనలూ, ఇన్సూరెన్స్ షరతులూ ఓసారి చూసుకోవడం మంచిది.

మొదటి రైడ్ ఖాళీ స్థలంలో, నెమ్మదిగా. ఎనిమిది అంకె వేస్తూ తిరగండి. ఇంటికొచ్చాక వెనక డిస్క్ మీద నీళ్లు రెండు చుక్కలు చిలకరించండి, చెయ్యి మాత్రం పెట్టకండి. బ్రేక్ పెద్దగా వాడకపోయినా చుయ్యిమంటే ఫ్రీ ప్లే మళ్లీ చూడాల్సిందే. కొన్ని రైడ్లయ్యాక బోల్టులన్నీ ఇంకోసారి స్పానర్‌తో తడమండి.

[తెర మీద: ఆగి ఉన్న బండి, నేల మీద కాలు, పిక్క వెనక పెగ్గు.]

ఇంకో చిన్న సంగతి, కిట్ పెట్టె మీద ఎవరూ రాయనిది. బండి ఆపి కాళ్లు కింద పెట్టినప్పుడు పెగ్గు ఇదివరకటి చోట ఉండదు. బండిని కాళ్లతో తోసేటప్పుడు వచ్చి పిక్కకి ఠపీమని కొడుతుంది. నాకు అలవాటు కావడానికి ఓ వారం పట్టింది. ఆ వారమంతా కుడి పిక్క మీద నీలం మచ్చ.