ఫోను ఇంటికొచ్చాకే బడి

నమస్కారం అండి. కరోనాకి గొప్పా పేదా తేడా లేదని అప్పట్లో చాలాసార్లు విన్నాం. వైరస్ సంగతి ఏమోగానీ మిగతావన్నీ తేడాగానే వచ్చాయండి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోమన్నారు, మంచి మాటే, కానీ మన విజయవాడ కొండల మీద బిందెడు నీళ్ళు కావాలన్నా మెట్లెక్కి మోసుకోవాల్సిన ఇళ్ళున్నాయి. పాజిటివ్ వస్తే విడిగా ఒక గదిలో ఉండమన్నారు, ఉన్నదే ఒక్క గదైతే ఎక్కడుంటారు?

చదువు సంగతి చెప్తా. చిట్టినగర్ వైపు కొండ మీద నాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. ఆయనది వన్‌టౌన్‌లో ముఠా పని, అంటే సరుకు ఎత్తి దించే కూలి, ఆవిడ ఇళ్ళల్లో పని చేసేది, కరోనా అని మానిపించేశారు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరో తరగతి. ఇంటి మొత్తానికి ఒక్కటే టచ్ ఫోను. లోడొచ్చిందని మేస్త్రి ఫోన్ చేస్తేనే ఆ రోజు కూలి, అందుకని ఫోను పొద్దున్నే నాన్న జేబులో వెళ్ళిపోయేది. బడి మూసేశాక ఫోన్లోనే పెట్టే క్లాసేమో పదింటికి! రాత్రి ఎనిమిదింటికి ఫోను ఇల్లు చేరేసరికి గ్రూపులో నోట్సు ఫొటోలు వరసగా పడి ఉండేవి, పాప ఒక్కో ఫొటో వేళ్ళతో పెద్దది చేసుకుంటా లెక్కలు ఎక్కించుకుంటుంటే తమ్ముడు తన వంతు కోసం చూసి చూసి నిద్రపోయేవాడు. రోజూ అంతే. రోజూ వాడి వంతు రాకుండానే తెల్లారేది.

దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు, మంచి పని, కానీ అర్థం కాలేదు మళ్ళీ చెప్పమని టీవీని అడగలేం కదా. 2021లో పల్లెల్లో పిల్లల చదువుల మీద చేసిన అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోను ఉన్న ఇళ్ళల్లో కూడా నలుగురు పిల్లల్లో దాదాపు ఒకరికి అది చేతికందట్లేదని తేలింది. ఇంట్లో ఫోనుందా అని అందరూ అడిగారు, ఏ టైముకి ఉంటుందని ఎంతమంది అడిగారండీ?

ఆ పాప లెక్కల మేడం అడిగారు. అడిగి, రాత్రి ఎనిమిదిన్నరకి వాయిస్ మెసేజులు పెట్టడం మొదలెట్టారు. వీడియో కంటే డేటా తక్కువ, ఎన్నిసార్లైనా వినొచ్చు. 2020 నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులు తెరిచాక పాప తేలిగ్గానే అందుకుంది. బాబుకి అలాంటి మేడం దొరకలేదు, భాగహారం దగ్గర చాన్నాళ్ళు తడబడ్డాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ బడులు మూతపడ్డాయి, కాబట్టి ఇది పాత ముచ్చట అనుకోవద్దు. టీచర్లు వింటుంటే ఒక్కటే అడుగుతున్నా: ఈ వారమే ప్రతి పిల్లాడి పేరు పక్కన ఫోను ఎవరిది, ఏ టైముకి ఇంట్లో ఉంటుంది అని రాసి పెట్టుకోండి, అసలు లేనివాళ్ళకి కాగితం మీద పాఠం ఎవరు తీసుకెళ్ళి ఇస్తారో కూడా ఇప్పుడే అనుకోండి.