విదేశంలో ఉన్న మనవాళ్ల సైనిక సమాధి: ఎలా వెతకాలి, ఫొటో ఎలా తీయాలి

[తెర మీద: పచ్చిక మధ్య వరుసగా తెల్లరాళ్లు. వాయిస్ మొదలు.]

"యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. బర్మాలో పోయారట." చాలా ఇళ్లలో మిగిలిన సమాచారం ఇంతే. ఈ ఒక్క ముక్క పట్టుకుని టికెట్లు బుక్ చేసేస్తే, అక్కడికెళ్లి వేల రాళ్ల మధ్య దిక్కులు చూడాల్సి వస్తుంది. అసలు వెతుకులాటంతా బయల్దేరే ముందే అయిపోవాలి.

రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. అప్పటి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ కూడా దీని కిందకే వస్తుంది. 1917లో మొదలైన ఈ సంస్థ దగ్గర సుమారు 17 లక్షల మంది వివరాలు ఉన్నాయి. వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

[తెర మీద: సెర్చ్ పేజీ]

పేరుతోనే మొదలుపెట్టండి, కానీ స్పెల్లింగ్‌ను నమ్ముకోకండి. అప్పటి గుమాస్తాలు చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లిష్‌లో రాసుకున్నారు. వెంకటస్వామిలో 'కె' బదులు 'సి' ఉండొచ్చు. ఇంటిపేరు అసలు లేకపోవచ్చు. పేరు కన్నా సర్వీస్ నంబరు, అంటే సైన్యం ఆ సైనికుడికి ఇచ్చిన నంబరు, గట్టి ఆధారం. పాత పెన్షన్ కాగితాల్లో చూడండి, పతకం ఉంటే దాని అంచు తిప్పి చూడండి. చాలా పతకాల మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఒకే పేరుతో పదిమంది తగిలితే, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసిన అదనపు సమాచారం వరుసే దిక్కు. అది అందరికీ ఉండదు, ఉంటే మాత్రం అదృష్టమే.

తేదీ కూడా సరిచూసుకోండి. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్లే ఈ లెక్కలోకి వస్తారు.

[తెర మీద: రికార్డులో ఒక వరుసకు గుండ్రం చుట్టాలి]

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. రికార్డులో ప్లాట్ (శ్మశానంలో భాగం), రో (వరుస), గ్రేవ్ (సమాధి నంబరు) అని ఉందా, లేక ప్యానెల్ (పేర్లు చెక్కిన పలక) అనో ఫేస్ (స్మారకంలో ఒక ముఖం) అనో ఉందా? మొదటిదైతే సమాధి రాయి ఉంది. రెండోదైతే అక్కడ ఉన్నది సమాధి కాదు, స్మారకం మీద చెక్కిన పేరు. బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, యాంగోన్ (పాత పేరు రంగూన్) దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. ఫేస్ నంబరు లేకుండా అక్కడ పేరు పట్టుకోవడం అయ్యే పని కాదు. హిందూ, సిక్కు సైనికుల్లో చాలామందిని దహనం చేశారు కాబట్టి వాళ్ల పేర్లు విడిగా క్రిమేషన్ మెమోరియల్ మీద ఉండొచ్చు.

[తెర మీద: ప్రవేశ ద్వారం, గోడలో చిన్న ఇత్తడి తలుపు]

లోపలికి వెళ్లగానే గోడలో చిన్న లోహపు పెట్టె కోసం చూడండి. చాలా చోట్ల రిజిస్టరు, ప్లాను అందులోనే ఉంటాయి. ప్లాను చూశాకే నడవండి. మీవాళ్ల పేరున్న పేజీని కూడా ఫొటో తీసుకోండి.

ఇక రాయి. నిలువు రాయి ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు, అంటే నడుము దాకా కూడా రాదు. నిలబడి తీస్తే ఫొటోలో రాయి పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది. మోకాళ్ల మీద కూర్చోండి, కెమెరాను అక్షరాల ఎత్తుకు దించండి, కాస్త వెనక్కి జరిగి జూమ్ చేయండి. పైన రెజిమెంటు గుర్తు, కింద నంబరు, ర్యాంకు, పేరు, తేదీ, వాటి కింద మత చిహ్నం: అంతా ఒకే ఫ్రేములో పట్టాలి. అడుగున కుటుంబం రాయించుకున్న వాక్యం ఉంటే పువ్వుల మొక్కలు దాన్ని కప్పేస్తాయి. కొమ్మను చేత్తో మెల్లగా పక్కకు పట్టుకోండి, తుంచకండి.

వెలుగు మీ వెనక నుంచి నేరుగా పడితే అక్షరాలు రాయిలో కలిసిపోతాయి. పక్క నుంచి ఏటవాలుగా పడితే ప్రతి గీతకూ నీడ వచ్చి అక్షరం లేచి కనబడుతుంది. ఎండ అలా పడకపోతే తెల్ల అట్టముక్కతో పక్క నుంచి వెలుగు కొట్టించండి. కొందరు సుద్దపొడి, షేవింగ్ ఫోమ్ రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి, రాయి పాడవుతుంది. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి లాంటి చోట్ల నిలువు రాళ్లుండవు, పొట్టి దిమ్మెల మీద లోహపు పలకలుంటాయి. వాటి మీద ఆకాశం మెరుస్తుంది, గొడుగు అడ్డం పెడితే సరిపోతుంది.

[తెర మీద: పేరు లేని సెర్చ్ ఫలితం]

ఎంత వెతికినా పేరు దొరకలేదా? కుటుంబంలో చెప్పుకున్నది అబద్ధం అనుకోకండి. ఆసియా, ఆఫ్రికా సైనికులకు సమానంగా స్మరణ దక్కలేదని 2021లో కమిషన్ వేయించిన కమిటీ నివేదికే ఒప్పుకుంది. కనీసం 1,16,000 మంది పేరు లేకుండానో, అసలు ఏ స్మారకమూ లేకుండానో మిగిలిపోయారని అందులో ఉంది. ఆధారాలుంటే పేరు చేర్చమని కమిషన్‌కు రాయొచ్చు.

వెళ్లలేని పరిస్థితైతే, ది వార్ గ్రేవ్స్ ఫొటోగ్రాఫిక్ ప్రాజెక్ట్ వలంటీర్లు ఇప్పటికే తీసిన ఫొటోల్లో వెతకండి. ఫైండ్ ఎ గ్రేవ్ అనే వెబ్‌సైట్‌లో, ఫొటో తీసిపెట్టమని రిక్వెస్ట్ కూడా పెట్టొచ్చు. అందులో పేరొక్కటే రాసి వదిలేయకండి. శ్మశానం పేరు, ప్లాట్, రో, గ్రేవ్ మొత్తం రాయండి. అక్కడికి వెళ్లేది మీవాళ్లెవరో తెలియని మనిషి.