కోరంగి రేవును ముంచింది ఉప్పెనా, ఒండ్రా?

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: చరిత్ర బోధించే మాస్టారు, తీర భూగర్భ శాస్త్రం చెప్పే మేడమ్, తాళ్లరేవు దగ్గర బోట్లు కట్టే మేస్త్రి.)

యాంకర్: నమస్కారం. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి వస్తుంది. ఇప్పుడు అక్కడ ఆగేవాళ్లు మడ అడవుల్లో చెక్కవంతెన మీద నడిచి, బోటెక్కి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. రెండు వందల ఏళ్ల కింద మాత్రం అది పేరున్న రేవు పట్నం. 1839 తుపానుకి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయిందని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మాస్టారూ, అక్కడి నుంచే మొదలుపెడదామా?

మాస్టారు: ఆ ‘ఒక్క రాత్రి’ దగ్గరే నాకు పేచీ. 1839 నవంబర్ 25 తుపాను నిజమే, పెద్దదే. 40 అడుగుల ఉప్పెన, 20 వేల ఓడలు ధ్వంసం, 3 లక్షల మంది మృతి అని రాస్తారు చూశారూ, ఆ లెక్కలే నమ్మబుద్ధి కాదు. అప్పటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆ పడిపోవడానికి ప్రధాన కారణం 1830లలో వచ్చిన కరువులు, వాటి వెంట వచ్చిన రోగాలు, వలసలు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాలని కాటన్ పట్టుబట్టింది కూడా ఆ దుస్థితి చూసే. జిల్లాలో అంతమందే ఉంటే ఒక్క రేవు ఊళ్లో 3 లక్షల మంది ఎలా చచ్చిపోతారండీ?

యాంకర్: అంటే అది కట్టుకథా?

మాస్టారు: తుపాను కట్టుకథ కాదు, అంకెల సంగతే అంటున్నాను. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాస్తూ పోతే అంకెకు కాళ్లొస్తాయి. అసలు కోరంగిని ఘోరంగా దెబ్బతీసిన ఉప్పెన అంతకు యాభై ఏళ్ల ముందుది, 1789 డిసెంబర్‌లోది. ‘సైక్లోన్’ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ దాని గురించి రాశాడు. మూడు భారీ అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయట. మొదటిది ఊళ్లోకి నీళ్లు తెచ్చింది, రెండోది పల్లపు భూములన్నీ ముంచింది, మూడోది ఊరినే ఊడ్చేసింది. మొగలో లంగరేసిన ఓడలు కొట్టుకొచ్చి యానాం చుట్టుపక్కల పొలాల్లో పడ్డాయి. దాదాపు 20 వేల మంది పోయారని ఆ కథనం. మరి అంత జరిగాక ఊరు ఆగిపోవాలి కదా? ఆగలేదు! పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ ఓడలు బాగుచేసే డాక్ ఉంది. కలకత్తాకీ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను డాక్‌లోకి తీసుకెళ్లి మరమ్మతు చేయగల చోటు కోరంగేనని చెప్పుకునేవారు.

మేస్త్రి: ఆయ్, అదీ మాట. తుపాను వచ్చిందని మావాళ్లు పని మానలేదండి. 1996 నవంబర్‌లో కూడా చూశాం కదా, భైరవపాలెం వైపు ఎంతమంది పోయారో. మళ్లీ బోట్లు కట్టారు, మళ్లీ వేటకెళ్లారు.

యాంకర్: మరి రేవు ఎందుకు పోయింది? మేడమ్?

మేడమ్: మేట వేసి పోయింది. గోదావరి దక్కన్ నల్లరేగడి నేలల్ని కోసుకుంటూ వస్తుంది. వరదల్లో ఆ నీళ్ల రంగు మీరు చూసే ఉంటారు. ఆ ఒండ్రంతా గౌతమి మొగ దగ్గర సముద్రంలోకి పడుతుంది. మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి. అలా పేరుకున్న ఇసుక తిన్నే ఇవాళ్టి హోప్ ఐలాండ్. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు, వయసు రెండు వందల ఏళ్ల పైచిలుకు, అంతే. ఒక పక్క నది ఒండ్రు దించుతోంది, ఇంకో పక్క ఈ తిన్నె సముద్రాన్ని దూరం చేస్తోంది. మధ్యలో చిక్కుకున్న పాయలు పూడుకుపోయాయి. పెద్ద ఓడకు కావలసిన లోతు కోరంగిలో ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. నన్నడిగితే ఏ తుపానూ రాకపోయినా ఆ రేవు మూతపడేది.

మేస్త్రి: పోటు మీద రావాలి, పాటు మీద పోవాలి. ఇప్పటికీ మా కాలవలో అంతేనండి. బోటు కట్టేసి అమావాస్యకో పున్నానికో నీళ్లెక్కేదాకా కూర్చోవాలి.

యాంకర్: ఆ ఇసుక తిన్నే కాకినాడను నిలబెట్టిందంటారు.

మేడమ్: అక్కడే తమాషా. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల కాకినాడ ముందు సముద్రం కాస్త శాంతంగా ఉంటుంది. ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు బార్జీల్లో అటూ ఇటూ తిరిగేది. కోరంగి నోరు మూసిన ఇసుకే కాకినాడకు గొడుగు పట్టింది.

మాస్టారు: ఇసుక ఒక్కటే కాదు మేడమ్. 1852కి ఆనకట్ట పూర్తయింది. దాని వెంట వచ్చిన కాలువల మీద సరుకు పడవలు నేరుగా కాకినాడకు చేరాయి. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం రావడంతో మన పత్తికి గిరాకీ పుట్టింది. ఏజెన్సీ హౌసులు, అంటే ఇంగ్లిష్ వర్తక కంపెనీలు, వాటి ఆఫీసులు అన్నీ కాకినాడలోనే వెలిశాయి. వర్తకులు అటు పోతే రేవు ఎక్కడుంటుంది?

మేడమ్: కానీ వర్తకులు వెళ్లింది లోతు తగ్గాకే కదా. ముందు నది కదిలింది, వెనక డబ్బు కదిలింది.

మాస్టారు: సరే, ఆ వరస ఒప్పుకుంటాను.

యాంకర్: ఊరు చిన్నదైనా పేరు మాత్రం సముద్రాలు దాటింది. బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారట?

మాస్టారు: అనేవారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా, విశాఖ నుంచి వెళ్లినా అక్కడ దిగాక కోరంగీయే. మారిషస్‌లోనూ అంతే. 1843లో తెలుగు కూలీలను ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడలో తీసుకెళ్లారు. రంగూన్‌లో ఓడల మీద బస్తాలు మోసిందీ, ధాన్యం మిల్లుల్లో చేసిందీ చాలావరకు మనవాళ్లే. 1930 మేలో డాక్ కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టారు. తీరా సమ్మె పరిష్కారమయ్యాక ఆ కొత్తవాళ్లను పొమ్మన్నారు. ఆ కోపం గొడవలకు దారితీసి ఎంతోమంది తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత జపాన్ దాడి సమయంలో లక్షలమంది భారతీయులు బర్మా వదిలి రావలసివచ్చింది. చాలామంది అడవుల వెంట నడిచే వచ్చారు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ఏ పాత కుటుంబాన్ని కదిపినా ఒక రంగూన్ తాతయ్య తగులుతాడు. డాక్ గోడల కంటే నాకు ఆ మనుషుల చరిత్రే ముఖ్యం. దాన్ని ఎవరూ సరిగ్గా రాయలేదన్నది నా బాధ.

యాంకర్: టైమ్ తక్కువుంది. మళ్లీ కోరంగిలో తవ్వి రేవు తెరవాలని అప్పుడప్పుడు డిమాండ్లు వస్తుంటాయి. సాధ్యమేనా మేడమ్?

మేడమ్: తవ్వడం కష్టం కాదు, తవ్విన లోతు నిలవడం కష్టం. పైగా అది 1978 నుంచి అభయారణ్యం. సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇంకో సంగతి, ఎగువన ఆనకట్టలు పెరిగాక గోదావరి తెచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది. ఒకప్పటి భయం మేట, ఇప్పటి భయం కోత. కాకినాడకు ఉత్తరాన తీరం మీదున్న ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు సముద్రంలోకి పోతున్నాయి. హోప్ ఐలాండ్ పెరిగి కెరటాల తీరు మారడం కూడా దానికో కారణం. మనం రేవు గురించి కాదు, ఉప్పాడ గురించి మాట్లాడాలి.

మేస్త్రి: రేవు ఎక్కడికీ పోలేదండి. మా దగ్గర ఇవాళ కూడా చెక్క బోట్లు కడుతున్నారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేయించుకుంటున్నారు.

మాస్టారు: అది రేవు ఎలా అవుతుంది మేస్త్రీ? అది పడవల కార్ఖానా.

మేస్త్రి: బోటు నీళ్లలోకి దిగేచోటుని ఇంకేమంటారండి మాస్టారూ?

యాంకర్: ఈ పంచాయితీ బ్రేక్ తర్వాత తేల్చుకుందాం. ఫోన్‌లో ఉప్పాడ నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు.